తిరుపతి వినాయక సాగర్‌లో ఒక పూట: చెరువు గట్టు మీద నడకకు ఎలా వెళ్లాలి, ఏం చూడాలి

తిరుపతిలో లీలామహల్ కూడలి దాటి కరకంబాడి రోడ్డు వైపు వెళ్లేవారికి వినాయక సాగర్ కొత్త పేరేమీ కాదు. ఏటా వినాయక చవితి తరువాత నగరంలోని విగ్రహాలు నిమజ్జనానికి వచ్చేది ఇక్కడికే. 2016 సెప్టెంబరులో తిరుపతి స్మార్ట్ సిటీల జాబితాలో చేరిన తరువాత, ఆ పథకం కింద ఈ చెరువు చుట్టూ నడకదారి, పార్కు ఏర్పడ్డాయి. అంతకు ముందు నిమజ్జనం రోజున తప్ప ఎవరూ తిరిగి చూడని ఈ నీటి ఒడ్డుకు ఇప్పుడు పొద్దునా సాయంత్రం కుటుంబాలు వస్తున్నాయి. మీరు నగరవాసులైనా, దర్శనం ముగించుకుని రైలుకు ఇంకా సగం రోజు మిగిలిన యాత్రికులైనా, అక్కడ ఒక పూట ఎలా గడిపితే బాగుంటుందో, ఆ గట్టు మీద చాలా ఉదయాలు నడిచిన అనుభవంతో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకుని బయలుదేరండి. మీరు వెళ్తున్నది పార్కుకే అయినా, ఆ పార్కు ఒక చెరువు ఒడ్డున ఉంది. బెంచీలు, దీపాలు, పూలమొక్కలు ఏ పార్కులోనైనా ఉంటాయి. నీరు మాత్రం ప్రతి చోటా ఉండదు. అందుకే ఎప్పుడు వెళ్లాలి, ఎటు నడవాలి, ఎక్కడ ఆగాలి అనే ప్రశ్నలన్నింటికీ ఆ నీటిని బట్టే జవాబు చెప్పుకోవాలి.

మొదటి పని: కాలాన్ని, వేళను ఎంచుకోవడం

తిరుపతికి వాన ఎక్కువగా తెచ్చేది నైరుతి కాదు, ఈశాన్య రుతుపవనాలు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో వాయుగుండాలు ఏర్పడినప్పుడు శేషాచలం కొండల మీద కురిసిన నీరు వాగులుగా దిగి, ఊరి చుట్టుపక్కల చెరువుల గుండా స్వర్ణముఖి వైపు సాగిపోతుంది. కాబట్టి నిండు నీటిని చూడాలనుకుంటే కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఉన్న రోజులే మంచివి. ఆ రోజుల్లో గాలి చల్లగా ఉంటుంది, ఎండ ఒంటికి హితవుగా ఉంటుంది, ఉత్తరాన కొండలు వాన కడిగిన పచ్చదనంతో దగ్గరగా కనిపిస్తాయి. వాయుగుండం హెచ్చరిక ఉన్న రోజున, లేదా కుండపోత కురిసిన మరునాడు మాత్రం వెళ్లకండి. 2021 నవంబరులో వచ్చిన వరదలో కపిలతీర్థం దగ్గర కొండ మీది నుంచి ఎంత ఉధృతంగా నీరు దూకిందో, రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు ప్రమాదం ఏర్పడి దిగువ ఊళ్లను ఎలా ఖాళీ చేయించారో ఈ ప్రాంతం వారికి ఇంకా గుర్తుంది. మన చెరువులు ఏడాదిలో తొమ్మిది నెలలు నిద్రపోతున్నట్టు కనిపించి, ఒక్క రాత్రిలో లేచి నిలబడతాయి.

వేసవిలో వెళ్లవలసి వస్తే తెల్లవారుజామునే వెళ్లండి. మే నెలాఖరులో ఇక్కడ సూర్యోదయం ఇంచుమించు 5 గంటల 45 నిమిషాలకే అవుతుంది. ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో ఏడున్నర తరువాత గట్టు మీద నడవడం శిక్షలాగే ఉంటుంది, ఎందుకంటే కొత్తగా నాటిన చెట్లు తలపై నీడ పట్టేంత ఎత్తు ఎదగడానికి ఏళ్లు పడుతుంది. జనవరిలో సూర్యుడు ఆరున్నర దాటాక గాని రాడు కనుక తొందరపడనక్కరలేదు. సాయంత్రాలు అందంగానే ఉంటాయి గాని, పొద్దు వాలిన తరువాతి అరగంటలో నీటి ఒడ్డున దోమలు ముసురుకుంటాయి. పిల్లలకు నిండు చేతుల చొక్కాలు తొడిగి తీసుకువెళ్లండి. ఆదివారం సాయంత్రం జనం ఎక్కువ. ప్రశాంతంగా నడవాలనుకునేవారు వారం మధ్యలో ఉదయం పూట రావడం మేలు. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజున నగరంలోని రోడ్లన్నీ కొండకు వెళ్లేవారితో నిండిపోతాయి కాబట్టి ఆ రోజు ఈ ప్రయాణం పెట్టుకోకండి.

బయలుదేరే ముందు

పెద్ద సన్నాహం అవసరం లేదు. పట్టున్న చెప్పులు లేదా బూట్లు, ఇంటి నుంచి సీసాలో నీళ్లు, వేసవిలో అయితే పలచని మజ్జిగ, ఒక చిన్న తువ్వాలు చాలు. నున్నటి అడుగు ఉన్న చెప్పులు మాత్రం వద్దు. వాన తరువాత నీటి అంచున ఉన్న రాళ్ల మీద పట్టే పాచి కంటికి కనిపించదు, కాలికే తెలుస్తుంది. ఒకసారి వేరే ఊళ్లో, ఒక కోనేటి మెట్ల మీద అటువంటి పాచి మీదే నేను జారి మోచేయి పగలగొట్టుకున్నాను. అప్పటి నుంచి నీటి దగ్గరికి వెళ్లేటప్పుడు ముందు చెప్పు అడుగు తిప్పి చూసుకోవడం అలవాటైంది.

యాత్రికులు సామాను వెంట తెచ్చుకోకూడదు. రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న విష్ణు నివాసంలోనో, బస్టాండు ఎదురుగా ఉన్న శ్రీనివాసంలోనో బస చేస్తున్నవారు సంచులను, లడ్డూ ప్రసాదాన్ని అక్కడే భద్రపరచుకుని చేతులు ఊపుకుంటూ రావడం మంచిది. తలనీలాలు ఇచ్చినవారు తలకు గంధం పూసుకున్నా, పైన తప్పకుండా తువ్వాలు కప్పుకోవాలి. అప్పుడే గీసిన తల చర్మానికి ఎండ మామూలు కంటే చాలా త్వరగా తగులుతుంది. పసిపిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. అలిపిరి మెట్ల దారిలో 3,550 మెట్లు ఎక్కి వచ్చినవారికి మరునాడు పిక్కలు పట్టేసి ఉంటాయి. వారు మంచం మీద పడుకుని ఉండడం కంటే ఈ సమతలమైన దారిలో నెమ్మదిగా అరగంట నడిస్తే కాళ్లు తేలికపడతాయి.

చేరుకోవడం సులభమే. బస్టాండు నుంచి గాని, రైల్వే స్టేషన్ నుంచి గాని ఆటో ఎక్కి వినాయక సాగర్ అని చెబితే చాలు. ఎక్కే ముందే ధర మాట్లాడుకోండి. తిరుగు ప్రయాణానికి రాత్రి పొద్దుపోయే దాకా ఆగకుండా, రోడ్డు మీద ఆటోలు బాగా తిరుగుతున్నప్పుడే బయటికి రండి. లోపలికి వెళ్లేటప్పుడు గేటు దగ్గరి బోర్డు మీద రాసిన వేళలను, నియమాలను ఒకసారి చదువుకుంటే తరువాత ఎవరితోనూ వాదన ఉండదు.

మొదటి చుట్టు కాళ్ల కోసం

లోపలికి రాగానే బెంచీ వెతుక్కోకండి, ఫోటోలకు నిలబడకండి. ముందు నడక మొదలుపెట్టండి. మిగతావారు ఎటు తిరుగుతున్నారో గమనించి ఆ దిశలోనే నడిస్తే ఎవరికీ అడ్డు తగలరు. దారి ఖాళీగా ఉంటే మాత్రం నీరు మీ కుడిచేతి వైపు ఉండేలా, అంటే గుడిలో ప్రదక్షిణ చేసినట్టు నడవమని నా సలహా. తిరుపతి వారికి ఆ దిశ కాళ్లకే అలవాటు. నెమ్మదిగా నడిచేవారు ఎడమ అంచున ఉండి, వేగంగా నడిచేవారికి, పరుగెత్తేవారికి కుడివైపు దారి వదలాలి. నలుగురు స్నేహితులు వరుసగా చేతులు పట్టుకుని దారంతా ఆక్రమించి నడవడం వల్ల వెనుక వచ్చే పెద్దవారు ఎంత ఇబ్బంది పడతారో చాలామంది గమనించరు.

పెద్దవారిని తీసుకువచ్చినప్పుడు మొత్తం చుట్టు పూర్తి చేయాలన్న పట్టుదల వద్దు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమెతో వచ్చినప్పుడు నేను లెక్కపెట్టేది దూరాన్ని కాదు, బెంచీలను. ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీ దాకా నడిచి, కూర్చుని, ఊపిరి తీసుకుని, మళ్లీ లేస్తాం. తిరిగి రావడానికి కూడా అంతే దూరం నడవాలన్న సంగతి గుర్తుంచుకుని, అలసట రాకముందే వెనక్కి మళ్లడం నేర్చుకున్నాం. చక్కెర వ్యాధికి మందులు వాడేవారు ఖాళీ కడుపుతో ఎక్కువసేపు నడవకుండా, జేబులో ఒక బెల్లం ముక్కో, రెండు బిస్కెట్లో ఉంచుకోవాలి.

రెండో చుట్టు నీటి కోసం

నిజమైన సందర్శన ఇక్కడ మొదలవుతుంది. మా నాన్నగారు చెరువు కింద రెండెకరాల మడి సాగుచేసిన మనిషి. ఏ ఊళ్లో చెరువు కనిపించినా ఆయన అడిగే మొదటి ప్రశ్న ఒకటే: నీళ్లు ఎటు నుంచి దిగుతాయి, మరవ ఎటు ఉంది? చిత్తూరు వైపు మనం మరవ అనేదాన్నే నెల్లూరు వారు కలుజు అంటారు, తెలంగాణ వారు మత్తడి అంటారు. చెరువు నిండిన తరువాత కట్టకు హాని కలగకుండా, మిగులు నీరు తనంతట తాను పొర్లిపోయే చోటు అది. మీరూ రెండో చుట్టులో ఈ ప్రశ్నతోనే నడవండి.

ముందుగా నీరు వచ్చే వైపు చూడండి. కొండ ఎటు ఉందో, నేల ఎటు నుంచి ఎటు వాలుతోందో గమనిస్తే వాన నీరు ఏ దిశ నుంచి రావాలో మీకే అర్థమవుతుంది. ఆ దారిలో ఇప్పుడు ఇళ్లు ఉన్నాయా, కాలువ ఉందా, ఆ కాలువలో పారుతున్నది వాన నీరా, ఇళ్ల మురుగా అన్నది పరిశీలించండి. తరువాత పల్లం వైపు వచ్చి, నీటిని ఆపుతున్న కట్టను, నీరు బయటికి పోయే చోటును వెతకండి. వెనుకటి రోజుల్లో కట్ట కింద పొలాలకు నీరు వదలడానికి తూము ఉండేది, ఆ తూము తెరిచి మూసి, ఎవరి మడికి ఎంత నీరు వెళ్లాలో చూసే నీరుగంటి ఉండేవాడు. నగరం పెరిగి ఆయకట్టు పొలాలు ఇళ్ల స్థలాలైన చోట్ల తూముకు పని లేకుండా పోయింది. మరవకు మాత్రం పని పోదు. పొలం లేకపోయినా వాన ఆగదు కదా.

ఇక నీటి దగ్గర నిలబడి దాని రంగు, వాసన చూడండి. చిక్కటి ఆకుపచ్చ రంగు ఉంటే నాచు పెరిగిందని, అంటే దానికి మేతగా మురుగు ఏదో లోపలికి చేరుతోందని అనుకోవచ్చు. గుర్రపు డెక్క పరుచుకోవడం కూడా అటువంటి సూచనే. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోరు తెరిచి గాలి మింగుతున్నట్టు కనిపిస్తే అది వినోదం కాదు. రాత్రంతా నాచు, నీటి మొక్కలు కూడా ప్రాణవాయువునే పీల్చుకోవడం వల్ల తెల్లవారేసరికి నీటిలో అది బాగా తగ్గిపోతుంది, చేపలు ఉక్కిరిబిక్కిరి అవుతాయి. అటువంటి దృశ్యం కనిపిస్తే అక్కడి సిబ్బందికి చెప్పండి. ఫౌంటెన్లు కేవలం అలంకారం కాదని, నీటిని ఎగజిమ్మి గాలి కలపడం ద్వారా చేపలకు ఊపిరి పోస్తాయని కూడా అప్పుడు పిల్లలకు చెప్పవచ్చు.

పక్షుల కోసం నిశ్శబ్దంగా ఒకచోట పది నిమిషాలు నిలబడితే చాలు. రెక్కలు విప్పుకుని ఎండకు ఆరబెట్టుకునే నల్లటి పక్షి నీటికాకి. దాని ఈకలు నీటిని పీల్చుకుంటాయి కనుక అది బాగా లోతుకు మునగగలదు, బయటికి వచ్చాక ఆరబెట్టుకోక తప్పదు. ఒడ్డున మట్టి రంగులో కదలకుండా కూర్చుని, ఎగిరినప్పుడు మాత్రం తెల్లగా మెరిసేది గుడ్డికొంగ. నీలి రంగు లకుముకి పిట్ట కొమ్మ మీది నుంచి ఒక్కసారిగా నీటిలోకి దూకుతుంది. వీటికి మరమరాలు, బ్రెడ్డు వేయవద్దు. అవి తినేవి చేపలు, పురుగులు. మనం వేసినది నీటిలో కుళ్లి మళ్లీ నాచునే పెంచుతుంది. పక్షుల మీద ఆసక్తి కలిగినవారు చలికాలంలో ఇదే జిల్లాలోని నేలపట్టుకు వెళ్తే గూడబాతులు వందలుగా గూళ్లు కట్టుకోవడం చూడవచ్చు.

చెరువులను ఎందుకు ఇంత శ్రద్ధగా చూడమంటున్నానంటే, ఈ నేల మీద వాటికి ఉన్న విలువ మరెక్కడా లేదు. పదిహేను, పదహారు శతాబ్దాల తిరుమల శాసనాలు చదివితే ఒక ఏర్పాటు పదేపదే కనిపిస్తుంది: భక్తుడు స్వామికి సమర్పించిన సొమ్ముతో దేవస్థానం తన గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించేది, దానివల్ల పెరిగిన పంట ఆదాయంతో ఆ భక్తుని పేరున నైవేద్యం జరిగేది. అంటే ప్రసాదం వెనుక చెరువు ఉండేది. మన కాలంలో కూడా చెరువు గురించిన ఒక ముఖ్యమైన తీర్పు తిరుపతి పేరుతోనే ముడిపడి ఉంది. అవిలాల, పేరూరు చెరువుల భూములను ఇళ్ల నిర్మాణానికి కేటాయించడాన్ని ప్రశ్నిస్తూ తిరుపతికి చెందిన ఇంటెలెక్చువల్స్ ఫోరం వేసిన కేసులో, 2006లో సుప్రీంకోర్టు ఇటువంటి నీటి వనరులను ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్తగా మాత్రమే కాపాడుతుందని చెప్పి, అక్కడ కొత్త నిర్మాణాలకు అడ్డుకట్ట వేసింది, అప్పటికే కట్టిన ఇళ్ల కప్పుల మీద పడే వాన నీటిని ఒడిసిపట్టాలని ఆదేశించింది. నగరంలో ఒక చెరువు నీటితో, చుట్టూ నడకదారితో మిగిలి ఉండడం మామూలు విషయమని అనుకోకండి.

పిల్లలతో వచ్చినవారికి

పిల్లలను ఆటస్థలంలో వదిలి ఫోనులో మునిగిపోవడం ఏ పార్కులోనైనా తప్పే, చెరువు పార్కులో ప్రమాదకరం. చెరువు అడుగు ఈతకొలనులాగా గట్టిగా ఉండదు. ఏళ్ల తరబడి చేరిన ఒండ్రు మట్టిలో కాలు దిగబడితే పెద్దవారికి కూడా పైకి లాక్కోవడం కష్టం. అందువల్ల కంచె దాటడం, రాతికట్టు దిగడం, నీటిలో చేయి పెట్టడం వంటివి బాగా అలవాటైన పిల్లలను కూడా చేయనివ్వకండి. ఎవరైనా నీటిలో పడితే వెంటనే దూకకుండా చీర కొంగో, తువ్వాలో, పొడవాటి కర్రో అందించండి, గట్టిగా కేకవేసి సిబ్బందిని పిలవండి, 108కి లేదా 112కి ఫోన్ చేయండి. ఈత వచ్చినవారు కూడా బురదలో చిక్కుకున్న సందర్భాలు మన పల్లెల్లో అందరికీ తెలిసినవే. వాన పడిన తరువాతి రోజుల్లో గడ్డిలోకి, పొదల పక్కకు పిల్లలను పోనివ్వకండి. పాములు ఆరిన చోటు వెతుక్కుంటూ గట్టు మీదికే వస్తాయి.

ఆడుకుని అలసిన తరువాత వారికి ఒక చిన్న పని ఇవ్వండి: నీటి అంచున ఏదో ఒక రాయిని లేదా మెట్టును ఎంచుకుని, నీరు దానికి ఎంత దూరంలో ఉందో గుర్తుపెట్టుకోమనండి. దీని సంగతి చివరలో చెబుతాను.

చవితి రోజుల్లో

భాద్రపదంలో వినాయక చవితి వస్తుంది. అంటే ఈశాన్య వానలు మొదలు కావడానికి ముందే, చెరువులో నీరు తక్కువగా ఉన్న కాలంలోనే నిమజ్జనాలు జరుగుతాయి. కరగని ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు, రంగులు, గుడ్డలు, పూలు ఆ కొద్ది నీటిలోనే ఉండిపోయి, వాన వచ్చి కడిగే దాకా అడుగున పేరుకుంటాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాలలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దని చెప్పింది. మీ వీధి మండపానికి మట్టి విగ్రహం తేవడానికి మీ వంతు మాట సాయం చేయండి. ఇంట్లో పెట్టుకున్న చిన్న మట్టి వినాయకుడిని బక్కెట్‌లోనే నిమజ్జనం చేసి, ఆ నీటిని ఇంటి మొక్కలకు పోయవచ్చు. చెరువుకే తేవాలనుకుంటే పత్రి, పూలు, వస్త్రాలు, దారాలు ముందుగా తీసి వేరే సంచిలో ఉంచండి, పాలవెల్లిని ఇంట్లోనే దాచుకోండి, ఊరేగింపు వాహనాలకు నిర్దేశించిన దారిలోనే రండి. నడక కోసం మాత్రమే వచ్చేవారు నిమజ్జనం రోజుల్లో, తరువాత శుభ్రం చేసే రెండు మూడు రోజుల్లో విరామం ఇవ్వడం మంచిది.

చవితి ఒక్కటే కాదు, మిగతా రోజుల్లో కూడా ఇంటి పూజలో వాడిన పూలు, పాత పటాలు, దిష్టి తీసిన నిమ్మకాయలు, గుమ్మడికాయలు తెచ్చి నీటిలో వేయడం మనలో చాలామందికి భక్తి గానే తోస్తుంది. పారే నదికి పుట్టిన ఆ అలవాటును నిలిచిన చెరువుకు తేకూడదు. నిర్మాల్యం చెట్టు మొదట్లో వేస్తే ఎరువవుతుంది.

తిరిగి వెళ్లే ముందు

నీళ్ల సీసాలు, చిరుతిళ్ల పొట్లాలు మీ సంచిలోనే వేసుకుని వెళ్లండి. గాలికి ఎగిరిన ఒక్క కవరు వానలో మరవ దగ్గరికి చేరి, అక్కడి కంచెకు అడ్డం పడి, ఇంకో పది కవర్లను ఆపుతుంది. దీపం వెలగకపోయినా, బండరాయి కదిలినా, మురుగు లోపలికి వస్తున్నా, ఫోటో తీసి నగరపాలక సంస్థకు తెలియజేయండి. ఫోటోలో చుట్టుపక్కల గుర్తు ఒకటి కనిపించేలా తీస్తే వచ్చినవారికి చోటు వెతుక్కునే పని తప్పుతుంది.

ఇక పిల్లలు ఎంచుకున్న ఆ రాయి లేదా మెట్టు సంగతి. ఇంటికి వెళ్లాక తేదీతో సహా అది ఎక్కడుందో కాగితం మీద రాసి క్యాలెండరు వెనుక అంటించండి. వానలు బాగా పడిన తరువాత, కార్తీకంలో ఒక ఉదయం మళ్లీ వారితో కలిసి వచ్చి, అది ఇంకా నీటి పైన ఉందో, నీటి కిందికి వెళ్లిపోయిందో వారినే చూసి చెప్పమనండి.